నా గుర్తు పిప్పి

ఈ పొద్దున ఒక మనిషి ఉద్యోగం గురించి మా ఎండీ గారు నన్నొక మాట అడిగారు. “మీ ఇష్టం సార్” అన్నాను. అదీ ఈ రోజు నేను చేసిన తప్పు. అది అబద్ధం కాదు, తిట్టు కాదు. పైకి చూస్తే మర్యాద మాటే. కానీ అంత నీచమైన మాట నా నోట ఇంతకుముందు ఎప్పుడూ రాలేదు.

మాది మొగల్రాజపురంలో ఒక మేడ మీద నడిచే చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. ఆసుపత్రులకీ కాలేజీలకీ వెబ్‌సైట్లు చేసిపెడతాం. కొత్తగా చేరే పిల్లలకు పాఠాలు చెప్పే మనిషి కావాలని ప్రకటన ఇస్తే, పామర్రు నుంచి ఒకావిడ ఇంటర్వ్యూకి వచ్చారు. బల్లకి ఇవతల ముగ్గురం కూర్చున్నాం. మా ఎండీ గారు, నా దగ్గరే పని నేర్చుకుని ఇప్పుడు నాకు కుడిభుజంగా ఉన్న శ్రావణి, టీమ్ లీడ్‌నైన నేను. ఆవిడ తలుపు తోసుకుని లోపలికి రాగానే నేను గుర్తుపట్టాను. ఆవిడ నన్ను గుర్తుపట్టలేదు. పట్టలేరని నాకు తెలుసు. ఆ తెలిసి ఉండటమే నా పాపానికి పెట్టుబడి అయింది.

ఆవిడ నాకు పని నేర్పిన గురువు. ఇక్కడ పేరు రాయను. పేర్ల మీద ఆవిడకే పెద్ద నమ్మకం లేదు. మేమంతా మేడమ్ అనేవాళ్ళం.

మేడమ్‌కి మొహాలు నిలవవు. చూపు శుభ్రంగా ఉంది, జ్ఞాపకశక్తి మా అందరికంటే ఎక్కువ. ముక్కు కనపడుతుంది, కళ్ళు కనపడతాయి, గడ్డం కనపడుతుంది. అవన్నీ కలిసి ఫలానా మనిషి అని మాత్రం అవదు. పుట్టుకతోనే అంత. “మీ మొహాలన్నీ నాకు ఇడ్లీలేనయ్యా. ఏ ఇడ్లీ ఏ గుంటలోంచి వచ్చిందో ఎవరికి తెలుసు” అనేవారు. మళ్ళీ వెంటనే, “నాకు ఇడ్లీ అంటే ఇష్టమే, బాధపడకండి” అనేవారు.

దాంతో ఒక అలవాటు వచ్చింది. అప్పట్లో గవర్నర్‌పేటలో ఒక సందులో, కింద జెరాక్స్ షాపు, పైన మా ఇన్‌స్టిట్యూట్. తలుపు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేవారు మేడమ్. కొత్తగా వచ్చినవాళ్ళతో కాసేపు మాట్లాడి, ఆ మాటల్లోంచే ఒక పదం ఏరి చేతిలో పెట్టేవారు. అది వాడి గుర్తు. ఆ తర్వాత ఎన్నిసార్లు వచ్చినా తలుపు దగ్గర ఆ పదం చెప్పాలి. చెప్పకపోతే ఎంత తెలిసినవాడైనా సరే “వందనాలండి, ఎవరు కావాలండి?” అని అడిగేవారు. పామర్రులో వాళ్ళ ఇంట్లో తరతరాలుగా ఒకరికొకరు చెప్పుకునే పలకరింపు అది. ఆ పలకరింపు విన్నామంటే మేం ఇంకా ఆవిడకు పరాయివాళ్ళమే అని లెక్క.

నేను వెళ్ళిన మొదటి రోజు నాకిప్పటికీ వినపడుతుంది.

“ఏ ఊరు అబ్బాయ్?”

“ఉయ్యూరు మేడమ్.”

“ఇంజనీరింగు అయిపోయిందంటున్నావుగా. మళ్ళీ ఇక్కడికెందుకు?”

“ఏమీ రాదు మేడమ్. ఇంటర్లో ఒక కాలేజీవాళ్ళు పిండారు. తర్వాత ఇంకో కాలేజీవాళ్ళు పిండారు. ఇక పిప్పే మిగిలింది.”

గదిలో అందరూ నవ్వారు. నవ్వించాలనే అన్నాను. మేడమ్ నవ్వలేదు.

“మీ ఊళ్ళో పంచదార ఫ్యాక్టరీ ఉందిగా. చెరుకు పిండాక ఆ పిప్పి ఏం చేస్తారు?”

ఆ సంగతి నాకు బాగా తెలుసు. మా నాన్న అక్కడ బాయిలర్ దగ్గరే పనిచేసేవాడు. “బాయిలర్లో వేస్తారు మేడమ్” అన్నాను.

“మరి ఫ్యాక్టరీ దేంతో నడుస్తున్నట్టు?”

జవాబు కూడా ఆవిడే చెప్పారు.

“పిప్పితోనేగా? అయితే నీ గుర్తు పిప్పి. రేపు తలుపు దగ్గర అదే చెప్పు. గట్టిగా చెప్పు.”

గట్టిగా చెప్పడానికి నాకు చాలా రోజులు పట్టింది. తతిమ్మావాళ్ళకు గొడుగనీ, చింతకాయనీ, లాకులనీ మంచి మంచి గుర్తులు దొరికాయి. నాకొక్కడికే పిప్పి. కానీ ఆ పదం వినపడగానే మేడమ్ మొహంలో ఏదో తలుపు తెరుచుకునేది. “గొడుగు మేడమ్” అని ఒకమ్మాయి అనడమే ఆలస్యం, “రా రా, మీ అక్కకి జ్వరం తగ్గిందా? నిన్న నీ ప్రోగ్రాం తిరిగిందే తిరుగుతోంది, ఆపావా లేదా?” అని మొదలు. ఎవరి ఇంట్లో ఎవరికి బాగాలేదో, ఎవరు ఏ లైన్లో సెమికోలన్ మర్చిపోతారో అంతా లోపల భద్రంగా ఉండేది. పదం అందితే చాలు, మొత్తం బయటికొచ్చేది.

కుకీల పాఠం మొదలుపెట్టిన రోజు వెనక బెంచీలోంచి లాకులనే కుర్రాడు అడిగాడు. “తినే కుకీయేనా మేడమ్?”

“మీరు రోజూ తలుపు దగ్గర నాకు తినిపిస్తున్నదేనయ్యా” అన్నారు. “సర్వర్ నాలాంటిది. పేజీ అడిగావు, ఇచ్చింది. ఇచ్చిన మరుక్షణం నువ్వెవరో దానికి తెలీదు. మళ్ళీ వస్తే మళ్ళీ వందనాలండి, ఎవరు కావాలండి? అందుకని మొదటిసారి వచ్చినప్పుడే నీ బ్రౌజర్ చేతిలో ఒక గుర్తు పెట్టి పంపిస్తుంది. నువ్వు వచ్చినప్పుడల్లా బ్రౌజర్ ఆ గుర్తు పట్టుకొస్తుంది. అది చూసి, లోపల దాచిన నీ సంగతులు తీస్తుంది. గుర్తు పెట్టుకోలేనివాళ్ళే గుర్తు పెడతారు. రెండిటికీ ఒకటే మాట, చూశారా? ఇంగ్లీషువాళ్ళు బిస్కట్ల దగ్గరికి పోయారు గానీ, అసలు పేరు మన దగ్గరుంది.”

ఆ మాటలు చెప్పుకునే నేను ఇన్నేళ్ళూ అన్నం తిన్నాను.

పాఠం చెప్పడంలో ఆవిడకు పుస్తకం అవసరం పడేది కాదు. ఒకరోజు చింతకాయ తన సైటులో, వచ్చినవాడు మామూలు మనిషో అధికారో కుకీలోనే రాసి పంపాడు. మేడమ్ వాడి పక్కన కూర్చుని, బ్రౌజర్లో దాచిన ఆ కుకీని తెరిచి, మామూలు అన్నచోట అధికారి అని దిద్ది, పేజీ మళ్ళీ తెరిచారు. సైటు మొత్తం ఆవిడ చేతికొచ్చింది. లేచి నిలబడి, కొంగు దోపి, “ఇవాళ్టి నుంచి ఈ సైటు నాది. చింతకాయని తీసేస్తున్నా” అని ప్రకటించారు. వాడు నిజంగానే బ్యాగు సర్దుకోబోయాడు. “గుర్తు మీద సంగతి రాయకయ్యా. గుర్తు గుర్తులాగే ఉండాలి. దొంగ చేతిలో పడితే వాడికి అర్థం కాకూడదు. నీ పదం చింతకాయ అని తెలిస్తే వాడికి మీ అమ్మ పేరు తెలుస్తుందా?”

ఇంకొకరు, కుకీ పెట్టిన లైను కిందే దాన్ని చదవబోయి ఖాళీగా వస్తోందని తల బాదుకునేవారు. ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరుండేవారు. వాళ్ళకు మాత్రం కసిరేవారు కాదు. మెత్తగా చెప్పేవారు. “ఇప్పుడేగా ఇచ్చావు. మనిషిని వెళ్ళనీ. మళ్ళీ వస్తే అప్పుడు తెస్తాడు. ఇచ్చిన పూటే కనపడాలంటే ఎట్లా?”

బయటి లోకంలో ఆవిడ అవస్థలు వేరే. ఆదివారం ప్రార్థనకు వెళితే ఎవరు చుట్టమో ఎవరు కాదో తెలియక అందరికీ ఒకేలా నవ్వేవారు. “దాంతో పామర్రులో నా అంత ప్రేమగల మనిషి లేదని పేరొచ్చింది. నేను పోయాక ఎవరూ నిజం చెప్పకండి” అనేవారు. పెనమలూరులో ఒక పెళ్ళికి వెళ్ళి, పెళ్ళికొడుకు చేతులు పట్టుకుని ఎంతోసేపు దీవించారు. తీరా అతను ఫోటోలు తీయడానికి సూటు వేసుకొచ్చిన కుర్రాడు. “అతనికి ఆర్నెల్లు తిరక్కుండా పెళ్ళయింది తెలుసా? నా దీవెన వృథా పోదు” అని గర్వంగా చెప్పుకునేవారు.

ఆవిడ బాగా సుఖపడింది అందరం ఇళ్ళలో కూర్చుని కంప్యూటర్లలో కలుసుకున్న రోజుల్లో. అప్పటికి ఇన్‌స్టిట్యూట్ మూతపడింది. హైదరాబాదు కంపెనీ ఒకటి ఆవిడ చేత ఇంటి నుంచే పాఠాలు చెప్పించుకుంది. గొడుగుతో ఫోన్లో అన్నారట. “ప్రతి మొహం కిందా పేరు రాసి ఉంటుందే! దేవుడు నా కోసమే కనిపెట్టించాడు.” ఆ తర్వాత వాళ్ళు అందరినీ ఆఫీసుకి రమ్మన్నారు. పేర్లు లేని ఇడ్లీలు బోలెడు. ఆవిడ మానేశారు. మానేశాక, గొడుగుతోనే మళ్ళీ అన్నారట. “ఇంట్లో కూచోలేకపోతున్నానే. నేను చెప్పాలి, ఎవరో ఒకరు వినాలి. అది లేకపోతే నాకు తోచదు.” ఇదంతా నాకు తెలుసు. తెలిసీ ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు.

ఎందుకు చేయలేదో చెప్పాలంటే ఇంకో రోజు గురించి చెప్పాలి.

నేర్చుకునే రోజుల్లో క్లాసు మొత్తానికీ ఒక కబుర్ల సైటు చేశాను. ఎవరి పేరుతో వాళ్ళు లోపలికి వెళ్ళి నాలుగు మాటలు రాసుకోవచ్చు. అందరి ముందూ నేను రాసి చూపించి, లాగౌట్ నొక్కి, దర్జాగా లేచాను. నా కుర్చీలో లాకులు కూర్చున్నాడు. రెండు నిమిషాల్లో గది గొల్లుమంది. సైటులో నా పేరుతో కొత్త మాట కనపడుతోంది: “నేను ఉయ్యూరు గాడిదను. ఇట్లు, పిప్పి.” నేను బయటికి వచ్చాననుకున్నాను గానీ, సైటు దృష్టిలో ఆ కుర్చీలో ఇంకా నేనే ఉన్నాను.

నా మొహం కందగడ్డయింది. కోడ్ తెరిచి చూపించాను. “కుకీని తీసేయమని రాశాను మేడమ్. ఇదిగో.”

“కుకీని తీసెయ్యడమంటూ లేదయ్యా. అది నీ దగ్గర లేదు, బ్రౌజర్ దగ్గరుంది. నువ్వు చెయ్యగలిగిందల్లా అదే పేరుతో మళ్ళీ పంపి, దీని గడువు నిన్నటితో అయిపోయిందని చెప్పడమే. మర్చిపొమ్మని చెప్పాలన్నా ఒకసారి గుర్తు చెయ్యాల్సిందే.”

“అదీ చేశాను మేడమ్.”

“పెట్టినప్పుడు ఎక్కడ పెట్టావు?”

“సైటంతటికీ.”

“తీసేటప్పుడు?”

చూసుకున్నాను. ఏ చోటిదో రాయలేదు. రాయకపోతే బ్రౌజర్, నేను నిలబడ్డ ఆ చిన్న ఫోల్డరుకే అనుకుంటుంది. అక్కడ కుకీ లేదు, కాబట్టి పోవడానికీ ఏమీ లేదు. సైటంతటికీ పెట్టిన గుర్తు నిక్షేపంగా అక్కడే ఉంది.

మేడమ్ నా భుజం మీద చెయ్యి వేసి, గది మొత్తానికీ వినపడేలా అన్నారు. “ఊరందరి ముందు పెట్టి, మూలకెళ్ళి తుడిస్తే పోదు. పెట్టిన చోటే తుడవాలి. అదే పేరుతో.” ఆ తర్వాత నా చేతే దిద్దించారు. మళ్ళీ లాగౌట్ నొక్కాను. లాకులు మళ్ళీ కూర్చున్నాడు. ఈసారి సైటు వాణ్ణి నువ్వెవరని అడిగింది. మేడమ్ చప్పట్లు కొట్టారు. “పిప్పి అంటుకుందిరోయ్!” అన్నారు. ఆ చప్పట్లంత గొప్ప బహుమానం నాకింకోటి రాలేదు.

అంత ఇచ్చిన మనిషికి నేనేం చేశానో ఇక చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరాక కుకీల పాఠం చెప్పాల్సి వచ్చినప్పుడు ఆ మాటలే చెప్పాను. సర్వర్ మతిమరుపు, చేతిలో గుర్తు, బిస్కట్ల ఎత్తిపొడుపు, అన్నీ. పిల్లలు విరగబడి నవ్వారు. ఎవరో వీడియో తీశారు. ఇప్పుడు మా ఆఫీసులో కొత్తగా ఎవరు చేరినా ముందు ఆ వీడియో చూపిస్తారు. నన్ను గుర్తు సార్ అంటారు. ఆ పాఠం నాదని నేనెప్పుడూ అనలేదు. మేడమ్‌దని కూడా అనలేదు. ఫోన్ చేస్తే ఏం చేస్తున్నావని అడుగుతారు. చెప్పాల్సి వస్తుంది. అందుకని చేయలేదు.

ఈ పొద్దున మేడమ్ కుర్చీలో కూర్చుంటూనే, “నాకు మొహాలు నిలవవండీ, ఏమీ అనుకోకండి” అన్నారు. మా ఎండీ గారు మాటవరసకి అన్నారనుకుని నవ్వారు. నన్ను టీమ్ లీడ్ అని పరిచయం చేశారు, పేరు చెప్పలేదు. నేను తలూపాను. నోరు విప్పితే గొంతు పట్టేస్తారు. మొహాలు నిలవని మనిషికి గొంతులు ఎంత బాగా నిలుస్తాయో నాకు తెలుసు. గొంతు బాగాలేదన్నట్టు శ్రావణికి సైగ చేసి, ప్రశ్నలు ఆ పిల్ల చేతే అడిగించాను. నా చేతిలో పెన్ను ఒకటుంది. దాన్ని టిక్కుటిక్కుమని నొక్కుతూ కూర్చున్నాను.

శ్రావణి కుకీల గురించే అడిగింది. మేడమ్ ముందుకు వంగి, కళ్ళు మెరుస్తుండగా మొదలుపెట్టారు. “సర్వర్ నాలాంటిదమ్మా...”

శ్రావణి మొహంలో నవ్వు మొదలైంది. చివరిదాకా ఆపుకుని, “మేడమ్, ఇది మా సార్ చెప్పే పాఠం. మాటకి మాట దింపేశారు. వీడియో మీకెలా దొరికింది?” అంది.

“మీ సార్ చెప్తారా? ఇట్లాగే?”

“అచ్చం ఇట్లాగే.”

“అయితే మీ సార్ బాగా చెప్తారు” అని నవ్వారు. అంతే. అది నాది అనలేదు.

నా పెన్ను టిక్కుమంటూనే ఉంది.

మధ్యలో మంచినీళ్ళ కోసం లేచి వెళ్ళి, తిరిగి వస్తూ తలుపు దగ్గర ఎదురైన శ్రావణికే “వందనాలండి, ఇంటర్వ్యూ గది ఇదేనాండీ?” అన్నారు మేడమ్. ఆవిడ వెళ్ళిపోయాక ఎండీ గారు తల విదిలించారు. “పాపం, జ్ఞాపకం పోతున్నట్టుంది. పైగా వీడియో చూసి బట్టీ పట్టారు. పిల్లల్ని ఎలా అప్పజెప్తాం? నువ్వేమంటావు?”

అప్పుడన్నాను ఆ మాట.

మధ్యాహ్నం క్యారియర్ విప్పాను. మూత పెట్టేసి, ఆటో ఎక్కి బస్టాండుకి వెళ్ళాను. పామర్రు మీదుగా వెళ్ళే బందరు బస్సులు ఆగే చోట, మేడమ్ ఇంకా బెంచీ మీద సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. తల ఎత్తి, లోకమంతటికీ పంచే ఆ నవ్వు నాకూ పంచారు.

“వందనాలండి.”

“మేడమ్... పిప్పి.”

ఆ నవ్వు పోయి వేరే నవ్వు వచ్చింది. “ఉయ్యూరు పిప్పి! లాగౌట్ పిప్పి! ఒరేయ్ అబ్బాయ్, ఎన్నాళ్ళకి! నాన్న ఎట్లా ఉన్నాడు? బాయిలర్ వేడికి కళ్ళు మండుతున్నాయనేవాడుగా, చూపించారా? ఇంకా బ్రాకెట్లు మూయడం మర్చిపోతున్నావా?”

అన్నీ ఉన్నాయి. ఒక్కటీ చెదరలేదు. నేను సంతోషపడాల్సిన క్షణం అది. పక్కన కూర్చున్నాను.

“పొద్దున మీరొచ్చిన గదిలో నేనున్నాను మేడమ్.”

“ఏ గది?” అన్నారు. మళ్ళీ తనే అందుకున్నారు. “పెన్ను టిక్కుటిక్కుమనిపించింది నువ్వా?”

“నేనే.”

“పాఠం చెప్పే ఆ సారు?”

“నేనే మేడమ్.”

ఆవిడ బస్సుల వైపు మొహం తిప్పుకున్నారు. “ఆ పిల్ల మా సార్ పాఠం అంటే ఎంత పొంగిపోయానో తెలుసా? నా వాళ్ళెవరో ఎక్కడో చెప్తున్నారు, నేనిచ్చిన గుర్తు ఊళ్ళో తిరుగుతోంది అనుకున్నా. వాడు బల్లకి అవతలే కూర్చుని నోరు మూసుకున్నాడని అనుకోలా.”

“తప్పయిపోయింది. క్షమించండి మేడమ్. ఎండీ గారికి ఇప్పుడే ఫోన్ చేసి చెప్తాను. మెల్లగా నచ్చజెప్తాను.”

“మెల్లగానా?” ఒక్కసారిగా నా వైపు తిరిగారు. నా మొహం ఆవిడకు అందదు, కోపం మాత్రం సూటిగా నాకే తగిలింది. “నాకిక్కడ బెంచీ మీద చెప్తావు, ఆయనకి ఫోన్లో చెవిలో చెప్తావు. నువ్వు పెట్టింది ఇక్కడా? లాగౌట్ మర్చిపోయావా?”

నేను తల వంచుకున్నాను. “పెట్టిన చోటే తుడవాలి.”

“ఆ...?”

“అదే పేరుతో.”

“మరి ఇక్కడ కూచున్నావేం?” బస్సు వచ్చింది. సంచీ భుజాన వేసుకుని లేచారు. మెట్టు మీద ఆగి, తల తిప్పకుండానే, “గట్టిగా చెప్పు. అప్పుడూ నీ గొంతు లేచేది కాదు” అన్నారు.

ఆఫీసుకి వచ్చి అందరినీ శిక్షణ గదిలోకి పిలిచాను. వీడియో తీసిన గది అదే. ఎండీ గారు కూడా టీ గ్లాసుతో వచ్చి వెనక నిలబడ్డారు. బోర్డు మీద ఎప్పటిలాగే కుకీ అని రాసి, పక్కన గుర్తు అని రాశాను. పిల్లలు నవ్వడానికి సిద్ధమయ్యారు. పాఠం విననివాళ్ళు లేరు కదా.

“ఈ పాఠం నాది కాదు” అన్నాను. “ఇందులో ఒక్క మాట కూడా నాది కాదు. ఇది చెప్పినావిడ పొద్దున ఈ ఆఫీసుకి వచ్చారు. నా పాఠం కాపీ కొట్టారని ఆవిణ్ణి అన్నారు. నేను ఆ గదిలోనే ఉండి ఊరుకున్నాను. ఆవిడకి జ్ఞాపకం పోలేదు. మొహాలు గుర్తుపట్టలేరు, అంతే. ఆ సంగతి తెలిసీ, నన్ను కూడా గుర్తుపట్టరని ధైర్యంగా కూర్చున్నాను.”

ముందు తేరుకుంది శ్రావణి. కళ్ళలో నీళ్ళు, గొంతులో నిప్పు. “సార్, ఆ మాటన్నది నేను. అంత పెద్దావిణ్ణి పట్టుకుని నేనన్నాను. మీరు నా పక్కనే ఉన్నారు. కాలు తొక్కినా ఆగేదాన్ని కదా సార్!”

“నిజమే శ్రావణీ” అన్నాను.

“ఆవిడ మీకేం గుర్తిచ్చారు సార్?” అని ఒక మూల నుంచి ఎవరో అడిగారు.

గొంతు సవరించుకున్నాను. మేడమ్ మెట్టు మీద అన్న మాట తలచుకున్నాను. “పిప్పి!” అని కిందికి వినపడేంత గట్టిగా అన్నాను.

ముందు ఎండీ గారు నవ్వారు. టీ ఒలికింది. తర్వాత గది మొత్తం గొల్లుమంది, ఆనాడు గవర్నర్‌పేటలో గొల్లుమన్నట్టే. ఇన్నేళ్ళుగా గుర్తు సార్ అని పిలిపించుకున్న సుఖం ఆ నవ్వు ముందు ఎందుకూ చాలదు.

నవ్వు ఆగాక ఎండీ గారు గ్లాసు కింద పెట్టి నా వైపు చూశారు. ఆ చూపులో నాకు రావాల్సిన చీవాట్ల వాటా కూడా ఉంది, అది రేపో ఎల్లుండో అందుతుంది. “మొహాలు నిలవవని ఆవిడే చెప్పారయ్యా ముందు. నేనే వినలేదు. నంబరివ్వు. నేను అడుగుతాను, సోమవారం నుంచి రమ్మని” అన్నారు. అక్కడే, అందరి ముందే ఫోన్ చేసి, “పొరపాటు మాదేనండీ, మా పిల్లలకి మీరే చెప్పాలి” అన్నారు. శ్రావణి ఫోన్ లాక్కుని, “మేడమ్, తలుపు దగ్గర కుర్చీ నేనే వేయిస్తాను. నాకు మాత్రం మంచి గుర్తివ్వాలి” అని ఏడుస్తూ నవ్వింది.

ఆ వీడియో తీసేద్దామా సార్ అని కుర్రాళ్ళు అడిగారు. వద్దన్నాను. ఊరికే తీసేస్తే పాఠం ఎవరిదో ఎవరికీ తెలియదు. అదే చోట, అదే పేరుతో అప్పటికప్పుడు కొత్తది తీసి పెట్టాం. అందులో ముందు నేను కనపడి, ఇది ఎవరి పాఠమో, నేనేం చేశానో చెప్తాను. ఆ తర్వాతే సర్వర్, మతిమరుపు.

అన్నీ అయ్యాక, మెట్ల మీద నిలబడి నేనొక్కణ్ణీ ఫోన్ చేశాను.

“ఎవరండీ?”

“పిప్పి మేడమ్.”

అవతల బస్సు హారన్, కండక్టరు “ఉయ్యూరు, ఉయ్యూరు, దిగాలి దిగాలి” అంటున్న కేక. వాటన్నిటి మీదుగా మేడమ్ గొంతు.

“మీ ఊరే వచ్చింది అబ్బాయ్. గానుగ వాసన కిటికీలోంచి కొడుతోంది. ఇంతకీ బాయిలర్ రాజుకుందా?”

“రాజుకుంది మేడమ్” అన్నాను. గట్టిగానే అన్నాను.